పిల్లని చూడడానికి నేరేడుగొంది వెళ్ళాం

భీమవరం చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్ళకి కొండ ఎలా ఉంటుందో బొమ్మల్లోనే తెలుసు. మా ఊళ్ళో నేల ఎటు చూసినా చాప పరిచినట్టు ఉంటుంది. పంట కాలవ, వరి చేను, చేపల చెరువు, మళ్ళీ కాలవ. ఇంటికి పునాది తవ్వితే మట్టే తప్ప రాయి తగలదు. అలాంటి ఊరినుంచి నేనూ మావారూ తొంభైల చివర్లో ఒక మాఘమాసంలో తూర్పుగోదావరి మన్యానికి వెళ్ళాం. విహారానికి కాదు. మా అబ్బాయికి పిల్లని చూడడానికి.

మా శ్రీను రంపచోడవరంలో పశువుల డాక్టరు. ఏజెన్సీలో వేశారని తెలిసినప్పుడు ఇంటిల్లిపాదీ బెంగపెట్టుకున్నాం. అక్కడి నీళ్ళు పడవని, చలిజ్వరాలు వస్తాయని ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. వాడికి జ్వరం రాలేదు గానీ రెండేళ్ళు తిరిగేసరికి, అక్కడి ఆశ్రమ పాఠశాలలో టీచరుగా పనిచేస్తున్న సరోజ అనే అమ్మాయిని చేసుకుంటానని ఉత్తరం రాశాడు. గిరిజనుల్లో కొండరెడ్ల పిల్ల.

మా అత్తగారు వంటింట్లోంచి బయటికి రాకుండా కూర్చున్నారు. మావారి కోపం మాటల్లో బయటపడదు. చెరువు గట్టుకి వెళ్తే చీకటి పడ్డాక గానీ ఇంటికి రారు, అంతే. రొయ్యల్లో దెబ్బతిని, చేపలకి మారి, ఇప్పుడిప్పుడే కుదుటపడుతున్న మనిషి. గవర్నమెంటు ఉద్యోగం ఉన్న కొడుక్కి కట్నం బాగా వస్తుందని, దాంతో కాస్త నిలదొక్కుకోవచ్చని ఆయన మనసులో ఉందని నాకు తెలుసు. చివరికి నేనే కదిలించాను. "చూడకుండా వద్దనడం ఏం న్యాయమండీ? ఒకసారి వెళ్ళి చూసొద్దాం పదండి" అన్నాను.

మేం వెళ్ళి పిల్లని చూస్తాం, ఔనో కాదో చెప్పి వస్తాం. బయల్దేరేటప్పుడు నా బుర్రలో ఉన్నది అంతే.

గోకవరం టీ కొట్టు

రాజమండ్రిలో దిగి పూతరేకులూ, అమ్మాయికని ఒక పసుపు రంగు చీరా కొన్నాం. అక్కడే మన్యం మొదటిసారి ఎదురైంది. గోదావరి గట్టు వైపు నుంచి లారీలు వరసగా వెదురు వేసుకుని కాగితం మిల్లుకి వెళ్తున్నాయి. ఒక్కో లారీ వెనక వెదురు కొసలు రోడ్డుని రాసుకుంటూ చప్పుడు చేస్తున్నాయి. మన పిల్లలు రాసుకునే నోటు పుస్తకాలు ఆ కొండలమీంచి దిగి వస్తాయని నాకు అంతవరకూ తట్టలేదు.

గోకవరం మీదుగా రంపచోడవరం వెళ్ళే బస్సెక్కిన కాసేపటికే కాలవలు కనబడడం మానేశాయి. నేల ఎర్రగా మారింది. వరి పోయి పొగాకు వచ్చింది, పొగాకు పోయి జీడిమామిడి తోటలు వచ్చాయి. మావారు కిటికీ పక్క సీటు పట్టుకుని చూస్తూ కూర్చున్నారు. ఆయన కొత్త ఊరికి వెళ్తే గుడీ గోపురం అడగరు, భూమి ధర అడుగుతారు. కాకినాడ పెళ్ళికి వెళ్ళినా, రాజమండ్రి పుష్కరాలకి వెళ్ళినా అదే మాట. గోకవరంలో టీ తాగుతూ కొట్టతన్ని అలాగే అడిగారు.

కొట్టతను నవ్వాడు. "ఈ గోకవరం దాకా అడగొచ్చండి. ఆ చెక్‌పోస్టు దాటాక అడిగి లాభం లేదండి" అన్నాడు. కొండ మీద భూమి గిరిజనులది గిరిజనులే కొనాలని, మనలాంటివాళ్ళు కొనకూడదని చట్టం ఉందట. అయినా కొందరు ఏదో ఒక దారిన సంపాదిస్తూనే ఉంటారని కూడా చెప్పాడు. ఏ దారినో మేం అడగలేదు. బస్సు హారన్ కొట్టింది.

ఆ బస్సులో నా పక్కన రమణమ్మ అనే ఆవిడ కూర్చుంది. సంతలు తిరిగి వ్యాపారం చేసే మనిషి. కాళ్ళ దగ్గర రెండు గోనెసంచులు. ఒక దాంట్లో ఉల్లిపాయలు, రెండో దాంట్లో ఏముందో అడక్కముందే ముక్కుకి తెలిసిపోయింది, ఎండు మెత్తళ్ళు. మొగల్తూరు వైపు సముద్రపొడ్డున ఎండబెట్టినవేనట. మా ఇంటికి అంత దగ్గర చేప నాకంటే ముందే కొండెక్కుతోందని నవ్వొచ్చింది. వాటికి బదులుగా ఆవిడ సంతలో చింతపండు, కుంకుడుకాయలు, షీకాయ, కొండచీపుర్లు, అడ్డాకులు కొంటుందట. చింతపండు సంతలో కిలో పది రూపాయల లోపే దొరుకుతుందని చెప్పింది. మా భీమవరం కొట్టులో ఇరవైకి పైనే పెట్టి కొంటున్నాం. ఆ తేడా ఎవరికి పోతుందని అడిగితే ఆవిడ కొంచెం నొచ్చుకుని, ఈ ఘాట్ రోడ్డులో మూటలు మోస్తూ తిరిగి చూడమంది.

పులుసులోకి చింతపండు, తలకి కుంకుళ్ళు, ఇల్లు ఊడ్చే చీపురు, పెళ్ళి భోజనాలకి అడ్డాకు విస్తళ్ళు. లెక్క చూసుకుంటే నా ఇల్లు నడిచేది సగం ఈ కొండల సరుకుతోనే.

రంపచోడవరం

శ్రీను క్వార్టర్సు ఒక చిన్న పెంకుటిల్లు. ఇంటి చుట్టూ మూడు వైపులా కొండలు. నాకు మొదట ఊపిరాడనట్టు అనిపించింది. మా ఊళ్ళో ఆకాశం నేలని తాకే చోటు కనబడుతుంది. ఇక్కడ సగం ఆకాశాన్ని కొండలే తీసేసుకున్నాయి. పొద్దు మా ఊళ్ళో కంటే ముందే గూట్లో పడింది. పడగానే చలి. తెచ్చుకున్న దుప్పటి చాలక శ్రీను తన స్వెట్టరు నాకిచ్చాడు.

సాయంత్రం వాడు ఊరు తిప్పి చూపిస్తూ అక్కడి పాత సంగతులు చెప్పాడు. ఒకప్పుడు ఈ ఊళ్ళన్నీ ముఠాలుగా ఉండేవట. ముఠా అంటే కొన్ని ఊళ్ళ గుంపు, దానికో ముఠాదారు. తెల్లదొరల కాలంలో ఇంటి పక్క చెట్టుకి కల్లు గీసుకున్నా పన్ను కట్టమన్నారు. జనం తిరగబడ్డారు. దాన్నే ఇక్కడివాళ్ళు పితూరీ అంటారు. ఒకసారి కాదు, ఎన్నోసార్లు జరిగాయట. అడవి కొట్టి పోడు చేసుకోవద్దన్నప్పుడు, కూలి ఇవ్వకుండా రోడ్లు వేయించినప్పుడు కూడా. "మనం ఇప్పుడు బస్సులో వచ్చిన ఘాట్ రోడ్డుకి కూడా అలాంటి కథే ఉండి ఉంటుందమ్మా" అన్నాడు వాడు.

మా వైపు చరిత్ర అంటే ఆనకట్ట. ఆనకట్ట కట్టాక నీళ్ళొచ్చాయి, నీళ్ళతో అన్నం వచ్చింది. బయటివాళ్ళు వచ్చి మాకు ఇచ్చి వెళ్ళారని చెప్పుకుంటాం. ఇక్కడి కథల్లో బయటివాడు వస్తే ఏదో ఒకటి పట్టుకెళ్ళడమే. ఆ తేడా నాకు అప్పుడు కొత్తగా అనిపించింది. దాని బరువు మర్నాటికి గానీ తెలియలేదు.

నడక

మర్నాడు పొద్దున జీపులో మారేడుమిల్లి దాటాం. టేకు చెట్లు, వాటి తరవాత రబ్బరు తోట. ప్రతి చెట్టుకీ నడుం దగ్గర చిన్న గిన్నె కట్టి ఉంది, తెల్లటి పాలు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. మావారు జీపు ఆపించి వెళ్ళి వేలితో తాకి చూశారు. వేలికి అంటిన జిగురు వదలక జీపు సీటుకి తుడిచారు. డ్రైవరు దారంతా అద్దంలోంచి ఆ సీటు వైపే చూస్తున్నాడు.

రోడ్డు మలుపు దగ్గర సరోజ మా కోసం నిలబడి ఉంది. నీలం నూలు చీర, బిగించి వేసిన జడ. నమస్కారం పెట్టి నా చేతిలో సంచీ తీసుకుంది. అక్కణ్ణించి నేరేడుగొందికి జీపు వెళ్ళదు. వాగు పక్కనే కాలిబాట. శ్రీనూ, వాళ్ళ నాన్నా ముందు నడిచారు. మేమిద్దరం వెనక.

కొంత దూరం పోగానే నా చెప్పు తెగింది. మా ఊరి మెత్తటి దారుల చెప్పు అది, ఆ రాళ్ళకి ఎక్కడ ఆగుతుంది. ఉత్త కాళ్ళతో రెండడుగులు వేసి కూలబడ్డాను. సరోజ పక్కనున్న అడ్డతీగ నుంచి నార చీల్చి, నా పాదం తన మోకాలి మీద పెట్టుకుని చెప్పుని కాలికి కట్టేసింది. అంత కొత్త మనిషి నా కాలు పట్టుకోవడం నాకు మొహమాటంగా ఉంది. ఆ పిల్లకి లేదు. కడుతూనే మాట్లాడింది.

పిల్లని చూడబోతే ఏవేం అడుగుతారో అవన్నీ అడుగుదామని తయారై వచ్చాను. వంట వచ్చా, ఎంతవరకు చదువుకున్నావు, అలాంటివి. నేను ఒకటి అడిగేలోపు తను రెండు అడిగింది. మీ ఊళ్ళో తాగే నీళ్ళు ఎక్కడివని అడిగింది. కాలవ నీళ్ళతో ఊరి చెరువు నింపుకుంటామని, రొయ్యల చెరువులు వచ్చాక చాలా బావులు ఉప్పెక్కాయని చెప్పాను. "మరి చుట్టూ నీళ్ళే కదండీ" అంది. చుట్టూ నీళ్ళే, తాగడానికే కొరత అన్నాను. ఆ పిల్ల నడక ఆపి ఒక్క క్షణం నా మొహం చూసింది, నేను వేళాకోళం చేస్తున్నానేమోనని.

నేరేడుగొంది

నిండా ఇరవై ఇళ్ళు కూడా లేని ఊరు. వెదురు తడికలకి మట్టి మెత్తిన గోడలు, పైన గడ్డి కప్పు. ఊరి పైన బండల మధ్య ఊట ఉంది. నిలువునా చీల్చిన వెదురు బద్దల్ని ఒకదానికొకటి ఆనించి ఆ నీళ్ళని ఇళ్ళ దాకా తెచ్చుకున్నారు. పంపు లేదు, కరెంటు లేదు, నీళ్ళు మాత్రం రాత్రీ పగలూ గలగలమంటూనే ఉన్నాయి. ఆ నీళ్ళు చల్లగా, కొంచెం తియ్యగా ఉన్నాయి.

సరోజకి తండ్రి లేడు, జ్వరంతో పోయాడట. ఇంట్లో తల్లి, చదువుకుంటున్న తమ్ముడు, తండ్రిని కన్న ముసలమ్మ. ఆ ముసలమ్మని ఊరంతా మామ్మ అంటారు, మేమూ అలాగే అన్నాం. పక్కింట్లో తండ్రి తమ్ముడు లచ్చిరెడ్డి. పెద్దరికమంతా ఆయనదే. నలభై దాటిన మనిషి, మాట నెమ్మది. మావారిని "బాబుగారూ" అని, నన్ను "అమ్మగారూ" అని పిలిచాడు.

వాకిట్లో ఆడవాళ్ళు చింతపండు కొట్టి గింజ తీస్తున్నారు. నేనూ వెళ్ళి కూర్చున్నాను. నా చేతికి గింజ సరిగ్గా ఊడి రాలేదు. వాళ్ళు నవ్వారు గానీ నన్ను పక్కకి నెట్టలేదు. వాళ్ళు ఆ మాటా ఈ మాటా చెప్తుంటే ఎన్నో సంగతులు తెలిశాయి. కొత్త మామిడికాయ చెట్టున ఎంత ఊరిస్తున్నా మామిడి పండగ చేసేదాకా ఎవరూ నోట పెట్టరట. చిక్కుడుకాయకీ అంతే, కందికీ అంతే. ముందు దేవతకి పెట్టాలి, తరవాత ఊరంతా ఒక్కరోజే తినాలి. మా ఇంట్లో మామిడి పిందె కనబడగానే పిల్లలు ఉప్పూ కారం పట్టుకుని చెట్టు కిందే కాపురం పెడతారని చెబితే, మామ్మ తల అడ్డంగా ఊపింది.

మధ్యాహ్నం అడ్డాకుల్లో భోజనం పెట్టారు. సామల అన్నం, కందిపప్పు, ఎండబెట్టి దాచిన లేత వెదురు కొమ్ముల కూర, నాటుకోడి. సామల అన్నం మొదటి ముద్ద గొంతులో కొంచెం గరగరమంది. రెండో ముద్దకి అలవాటైంది. వెదురు కొమ్ముల కూరకి మొదట ఒక పులిసిన వాసన, తింటుంటే పనసపొట్టు గుర్తొచ్చింది. మావారు మారు అడిగి వేయించుకున్నారు. వాళ్ళెవరూ మాతో కూర్చోలేదు. చుట్టూ నిలబడి మేం తినేది చూశారు. అది మర్యాద అనుకున్నాను. మేం తింటామా, కెలికి వదిలేస్తామా అని చూస్తున్నారని తరవాత సరోజ చెప్పింది.

లోయలో మాట

భోజనాలయ్యాక లచ్చిరెడ్డి తమ పొలం చూపిస్తానన్నాడు. కొండవాలున పోడు, దాంట్లో కందులు, చోళ్ళు అప్పటికే కోసేశారు. కొండ దిగువన, ఊట నీళ్ళు వచ్చి చేరే చోట ఒక చిన్న లోయ. అంతా నల్లమట్టి. ఆ మాఘంలో కూడా తడిగా ఉంది. ఒక వారగా సరోజ తండ్రీ లచ్చిరెడ్డీ కలిసి వేసిన జీడిమామిడి మొక్కలు పూతకి వచ్చాయి.

రైతు కదా, మావారు ఆగలేకపోయారు. వంగి పిడికెడు మట్టి తీసి నలిపారు, వాసన చూశారు. మొహంలో ఎన్నాళ్ళకో వెలుగు వచ్చింది. "ఇంత మంచి నేల మా వైపు కూడా లేదండి" అన్నారు. అంటూనే అలవాటు కొద్దీ నోరు జారారు. "ఎకరం ఎంత పలుకుద్దండి ఇక్కడ?"

లచ్చిరెడ్డి ఆయన చేతిలో మట్టి వైపు చూశాడు. "ఇక్కడ పలకదు బాబుగారూ" అని ముందుకి నడిచాడు.

అక్కణ్ణించి ఇంటిదాకా మళ్ళీ మాట్లాడలేదు. ఎండ దెబ్బ తగిలిందేమోననుకున్నాను. మావారు మాత్రం సంతోషంగా ఉన్నారు. ఈ ఊట నీళ్ళకి అడ్డంగా చిన్న గట్టు వేస్తే రెండో పంట పండుతుందని దారిపొడవునా నాకు చెబుతూ వచ్చారు. మా వెనక ఊరివాళ్ళు ఇద్దరు నడుస్తున్నారు. ఆ మాటలన్నీ వాళ్ళు విన్నారు.

ఆ సాయంత్రం

పొద్దు వాలుతుండగా వాకిట్లో నెగడు వేశారు. ఊరి పెద్దలు వచ్చి చుట్టూ కూర్చున్నారు. జీలుగు చెట్టుకి గీసిన కల్లు ఆనపకాయ బుర్రల్లో తెచ్చారు. మావారు ఒక గుక్క తాగి మా తాటికల్లు కంటే తియ్యగా ఉందన్నారు. లచ్చిరెడ్డి లేచి నిలబడ్డాడు.

పక్క ఊళ్ళో తన మేనకోడలు వరసైన అమ్మాయి కథ చెప్పాడు. పల్లపు ప్రాంతం నుంచి ఒకాయన వ్యాపారానికి వచ్చాడు. మంచివాడే, అందరితో కలిసి తిరిగాడు. ఆ అమ్మాయిని చేసుకుంటానన్నాడు, చేసుకున్నాడు. ఆ తరవాత ఆ అమ్మాయి పేరున చుట్టుపక్కల భూములు చేరడం మొదలైంది. చేతిలో పడ్డ నాలుగు రూపాయలకీ ఆశపడి కొందరు ఇచ్చారు, కొందరు అప్పుకింద వదులుకున్నారు. పేరు ఆమెది, తోట ఆయనది. ఆయనకి కింద ఊళ్ళో పెళ్ళాం, పిల్లలు ముందే ఉన్నారని తరవాత తెలిసింది. ఇప్పుడు ఆ అమ్మాయి తన పేరున ఉన్న తోటలోనే కూలీలతో కలిసి జీడిపిక్కలు ఏరుతోంది.

చెప్పడం అయ్యాక మావారి వైపు తిరిగాడు. "బాబుగారూ, మీరు పెద్దవారు. మా పిల్లని చూడటానికొచ్చారా, మా లోయ చూడటానికొచ్చారా? ఆ మాట ఒక్కటి చెప్పండి."

శ్రీను ఏదో అనబోయాడు. మామ్మ చెయ్యెత్తి ఆపింది. మావారు కూర్చున్న చోటినుంచి లేచారు. ఆయన వెళ్ళిపోతారనే అనుకున్నాను. నిజానికి నాకూ ఒళ్ళు మండింది. గవర్నమెంటు ఉద్యోగం చేస్తున్న కొడుకుని ఇస్తామని ఇంత దూరం వస్తే మమ్మల్ని దొంగల్లా నిలబెడతారా అనిపించింది. కానీ అక్కడ కూర్చున్నవాళ్ళ మొహాలు చూస్తే ఎవరి కళ్ళలోనూ వెటకారం లేదు, భయం ఉంది. ఆ భయం మా గురించి అని అర్థమవడానికి నాకు కొంచెంసేపు పట్టింది. నా జన్మలో నన్ను చూసి ఒకరు భయపడడం అదే మొదలు.

మావారు వెళ్ళలేదు. నిలబడే మాట్లాడారు. ఆయన అంతసేపు మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. ఏ ఊరు వెళ్ళినా భూమి ధర అడగడం తనకి పాడు అలవాటని, అంతకు మించి మనసులో ఏమీ లేదని చెప్పారు. తరవాత గొంతు తగ్గించారు.

"భూమి పోతే ఎలా ఉంటదో నాకు ఒకళ్ళు చెప్పక్కర్లేదండి. మా నాన్న ఇచ్చిన చేను రొయ్యల చెరువు చేశాను. రోగం వచ్చి రొయ్యలు పోయాయి, చేను అమ్మేశాను. ఇప్పుడు నేను చేపలు వేస్తున్న చెరువు నాది కాదండి, కౌలుది. ఆ చేను గట్టు మీంచి నడవాల్సొస్తే ఇప్పటికీ చుట్టు తిరిగి వెళ్తాను. మీ మట్టి చేతిలోకి తీసుకుంటే అదే గుర్తొచ్చింది. అందుకే నోరు జారింది."

ఆ మాట మా చుట్టాల్లో ఎవరితోనూ ఆయన అనలేదు. పైకి అందరికీ చేను కౌలుకిచ్చామనే చెప్పేవాళ్ళం. శ్రీనుకి కూడా పూర్తిగా తెలియదు. వాడు తల వంచుకున్నాడు.

అప్పటిదాకా గుమ్మంలో తల్లి పక్కన నిలబడ్డ సరోజ ముందుకొచ్చింది. "ఆ లోయ తమ్ముడిది చిన్నాన్నా. నా పేరున సెంటు కూడా రాయొద్దు. నాకు ఉద్యోగం ఉంది. ఈయన ఈ ఊరొస్తే అల్లుడిగా వచ్చి అన్నం తిని వెళ్ళాలి, అంతే" అంది. పెళ్ళి కావలసిన పిల్ల పెద్దల మధ్య నిలబడి అలా చెప్పడం మా ఇళ్ళలో ఊహించలేం. అక్కడ ఎవరూ వింతగా చూడలేదు.

లచ్చిరెడ్డి కూర్చున్నాడు. మామ్మ నా వైపు జరిగింది. ఆమె అడిగింది భూమి గురించి కాదు.

"మీ ఇంట్లో ఈ పిల్ల ఎక్కడ కూర్చుని తింటది?"

మాతోనే అని గబుక్కున అనేయొచ్చు. కానీ వంటింట్లోంచి బయటికి రాని మా అత్తగారు కళ్ళముందు కనిపించారు. ఉన్నది ఉన్నట్టే చెప్పాను. "మా అత్తగారు ఉన్నారు మామ్మా. ఆవిడ ఒప్పుకోరు, కొన్నాళ్ళు సణుగుతారు. ఆవిణ్ణి నేను మార్చలేను. నా విస్తరి మాత్రం ఈ పిల్ల విస్తరి పక్కనే వేసుకుంటాను."

మామ్మ చాలాసేపు నన్ను చూసింది. తరవాత కొడుకు లచ్చిరెడ్డి వైపు తిరిగి, "అబద్ధం చెప్పలేదు" అంది. నెగడులో కట్టె ఎగదోసింది. ఆడవాళ్ళు లేచి వంట చూడడానికి వెళ్ళారు. ఆ పూట వాళ్ళు మాతోపాటే తినడానికి కూర్చున్నారు.

ఓలి

తెల్లారాక పెద్దలు పెళ్ళి మాటలకి కూర్చున్నారు. పెళ్ళి ఈ ఊళ్ళోనే జరగాలన్నారు. సరేనన్నాం. ఓలి మాట ఎత్తారు. ఓలి అంటే పిల్లని తీసుకెళ్ళేవాళ్ళు పిల్ల ఇంటికి ఇచ్చుకోవలసింది. మా వైపు అంతా దీనికి తలకిందులు కదా. మగపిల్లాడి తండ్రి వింటూ కూర్చుంటే ఆడపిల్లవాళ్ళు ఇంత, అంత అని చెప్పుకుంటారు. ఇక్కడ మావారు చేతులు కట్టుకుని కూర్చున్నారు, ఎదటివాళ్ళు చెబుతున్నారు.

ఎందుకివ్వాలని నేను సరోజ తల్లిని పక్కకి పిలిచి అడిగాను, గొడవకి కాదు, తెలుసుకుందామనే. ఆమె ఆశ్చర్యపోయింది. "పిల్ల వెళ్ళిపోతే ఇంట్లో రెండు చేతులు తగ్గుతాయి కదమ్మా" అంది. ఆ లెక్క ఎంత తేలికగా ఉందో. మా ఇళ్ళలో ఆ రెండు చేతుల్ని ఏనాడూ ఎవరూ లెక్కలో వేయలేదు. నేను పుట్టింటినుంచి వచ్చేటప్పుడు మా నాన్న ఏమేం ఇచ్చుకున్నాడో గుర్తుంది, మా అమ్మకి ఏం తగ్గిందో ఎవరూ అడగలేదు.

ఓలి పెద్దదేం కాదు. ఊరికి ఒక మేక, కల్లు, సరోజ తల్లికి చీర, మామ్మకి కంబళి, పేరుకి కొంత రొక్కం. మావారు అన్నిటికీ తలూపారు. చివర్లో లచ్చిరెడ్డి, బేరం ఆడరేమని అడిగాడు. మళ్ళీ నోరు జారతానేమోనని భయంగా ఉందన్నారు మావారు. ముందు లచ్చిరెడ్డి నవ్వాడు, తరవాత అందరూ నవ్వారు.

తిరుగు ప్రయాణం

లచ్చిరెడ్డి మమ్మల్ని రోడ్డుదాకా దిగబెట్టాడు. చింతపండు మూట ఒకటి తనే మోసుకొచ్చి జీపులో పెట్టాడు. కొంటానంటే వినలేదు. జీపు కదలబోతుంటే మావారి భుజం మీద చెయ్యి వేశాడు.

"వానలకి ముందే ముహూర్తం పెట్టించండి బావా. వాగు పొంగితే మీవాళ్ళు దాటలేరు" అన్నాడు.

మావారు సరేనన్నారు. జీపు మలుపులు దిగి, మేం రంపచోడవరంలో శ్రీనుని దింపి, మళ్ళీ బస్సెక్కి, అడవి పలచబడేదాకా ఆయన వెనక్కి తిరిగి కొండలవైపే చూస్తూ కూర్చున్నారు. తరవాత నా వైపు తిరిగి, "బావా అన్నాడు, విన్నావా?" అన్నారు. విన్నానన్నాను. ఇంటికి వెళ్ళాక చేను సంగతి అమ్మకి చెప్పేస్తానన్నారు. చెప్పేశారు కూడా.

పెళ్ళి వైశాఖంలో అయింది. మా వైపు నుంచి వచ్చినవాళ్ళు ఒక్క జీపుకి సరిపోయారు. రానివాళ్ళు ఏం కారణాలు చెప్పారో రాయడం అనవసరం. వచ్చినవాళ్ళలో మా అన్నయ్య ఉన్నాడు, ఊట నీళ్ళు తాగి తాగి కడుపు నింపేసుకుని భోజనం తినలేకపోయాడు. మా అత్తగారు రాలేదు.

కొత్త దంపతులు మా ఇంటికి వచ్చిన రోజు మధ్యాహ్నం వంటింటి ముందు వసారాలో రెండు ఆకులు పక్కపక్కనే వేశాను. ఒకటి సరోజకి, ఒకటి నాకు. మా అత్తగారు తన గది గుమ్మంలో కుర్చీ వేసుకుని వీధి వైపు మొహం పెట్టుకుని కూర్చున్నారు. పప్పు, కూర, పులుసు అయ్యాయి. సరోజ లేవబోతుంటే గుమ్మంలోంచి, మొహం ఇటు తిప్పకుండానే, మా అత్తగారి గొంతు వినబడింది.

"ఆ పిల్లకి పెరుగు వేశావా?"

"వేస్తున్నానత్తయ్యగారూ" అన్నాను. సరోజ మళ్ళీ కూర్చుంది.